ఒక మూల కుట్టని బొంత

"బొంతేదీ?" అన్నాడు.

"ఉతికీసి ఆరేసినాను," అన్నాను.

మా ఆయనకీ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. నా జవాబు విని ఆయన ముక్కులోంచి చిన్న చప్పుడు చేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నొప్పి పుట్టిందనుకున్నాను. గంజి తాగిన గిన్నె కడిగి తెద్దామని పెరట్లోకి వెళ్ళాను. గిన్నె కడగడానికి ఎంతసేపు పడుతుంది. తిరిగి వచ్చేసరికి మనిషి లేడు. కళ్ళు తానే మూసుకున్నాడు, ఆ పని కూడా నాకు పెట్టలేదు.

ఏడాది గడిచింది. సంవత్సరీకం పెట్టాం. ఇప్పుడు తింటున్నాను, పడుకుంటే నిద్ర పడుతోంది, వాగువైపు వెళ్ళగలుగుతున్నాను. కాబట్టి చెప్పగలను.

పోయిన వారం మా దీవిలోనే ఉన్న ఫీనిక్స్ ఊరి నుంచి నరసమ్మ అనే పిల్ల రైలెక్కి నన్ను వెతుక్కుంటూ మా ఊరు రోజ్ బెల్ వచ్చింది. పోర్ట్ లూయిస్ ఆసుపత్రిలో మా ఆయన చేసిన పనే ఇప్పుడు ఆమె మొగుడు చేస్తున్నాడు. "అత్తా, మావకి ఒక బొంత కుట్టినావంట గదా, కరెంటు తగలకుండా. మాయనకీ ఒకటి కుట్టీ," అని అడిగింది. అవుననలేదు, కాదనలేదు. ఆ పిల్ల టీ తాగి వెళ్ళిపోయింది. ఆమెకు బొంత కుట్టి ఇవ్వాలా వద్దా అన్నది తేల్చుకోవాలంటే జరిగిందంతా ముందు ఒకచోట పరిచి చూసుకోవాలి. అందుకే మా మరిది సింహాచలాన్ని కాగితాలు తెచ్చుకోమన్నాను. కుడితే బొంతతో పాటు ఈ కాగితమూ ఇస్తాను. కుట్టకపోతే ఈ కాగితం ఒక్కటే ఇస్తాను.

నాకు చదువు లేదు. నా పేరు పైడమ్మ అని గీయడం వరకు వచ్చు. మరిది శనివారం భజన నడిపిస్తాడు, ఊళ్ళో పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. కాస్త సరిచేస్తూనే ఉన్నాడని తెలుస్తోంది. నా నోరు ఆగాక కూడా కలం కదులుతోంది.

"గొంతు బొంగురోయింది ఒదినా. కాసేపు ఆగుదుమా?" అన్నాడు ఇప్పుడే.

"నా గొంతు ఎప్పుడు బాగుండీదిరా. సెరకులో పిట్టల్ని తోలిన గొంతు. రాయి."

నేను కాపురానికి వచ్చేనాటికి వీడు ఆరేళ్ళవాడు. నా చేతి అన్నం తిని పెరిగాడు. అందుకే రా అంటాను. మా ఆయన పేరు మాత్రం నేను పలకను. మరిదీ, అది నువ్వే రాయి. అప్పలస్వామి.

మా ఆయన మొదట చెరకు తోటలో ఎడ్లబండి తోలేవాడు. ఒక కోతకాలంలో, బండి కింద పడి కాలు విరిగిన మనిషిని రైల్లో పోర్ట్ లూయిస్ తీసుకువెళ్ళాడు. అక్కడి డాక్టరు కొత్తగా తెప్పించిన పెట్టె ముందు ఆ మనిషిని పడుకోబెట్టారు. అది మనిషి లోపలి ఎముకలకు బొమ్మ తీసే పెట్టె. ఎక్స్‌రే అంటారని తరువాత తెలిసింది. మేము కరెంటు పెట్టె అనేవాళ్ళం. బొమ్మ తీసేంతసేపూ మనిషి కదలకూడదు. ఆ కాలు విరిగినవాడు చేపలా కొట్టుకుంటుంటే మా ఆయన చెవిలో ఏదో చెప్పి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ఎద్దును నిలబెట్టిన చేతులు గదా. డాక్టరు బొమ్మ చూసి, మనిషిని చూసి, నువ్వు ఇక్కడే ఉండిపో అన్నాడు.

అలా కుదిరింది ఆ పని. వారమంతా పట్నంలో ఓడరేవు దగ్గర ఒక గదిలో ఉండి, శనివారం సాయంత్రం రైలుబండికి ఇంటికి వచ్చేవాడు. మొదటి నెలల్లో ఆయన సంతోషం చూడాలి. గదంతా చీకటి చేస్తారట, పెట్టె చిటపటమంటుందట, పిడుగు పడ్డాక వచ్చే వాసన వస్తుందట. పొద్దున్నే పెట్టె సరిగా వెలుగుతోందో లేదో చూడటం ఆయన వంతు. దానికి వేరే పద్ధతి లేదు. తన ఎడమ చేయి అడ్డంపెట్టి, ఎదురుగా ఉన్న మెరిసే అద్దపు పలక మీద ఎముకలు తేటగా కనిపిస్తే పెట్టె బాగున్నట్టు.

"నా ఏలెముక సుట్టూ ఉంగరం తేలతాదే. మాంసం ఉండదు. ఉంగరం మాత్రం ఉంటాది," అన్నాడు ఒక ఆదివారం, అన్నం తింటూ.

"అన్నం తింటా ఏటా మాటలు."

"అందరి ఎముకలూ సచ్చినాక కనబడతాయి. నానైతే రోజూ పొద్దున్నే సూసుకుంటన్నాను. నీ మొగుడు గొప్పోడు గాడేటి?"

గొప్పవాడే అన్నాను. నవ్వాం. ఆ నవ్వు నాకు ఇప్పుడు కూడా బాధ అనిపించదు. తెలియనప్పటి నవ్వు అది.

మొదటి కోతకాలం అయిపోయి తుఫాను నెలలు వచ్చేసరికి ఎడమ చేతి మీద వెంట్రుకలు రాలిపోయాయి. చర్మం ఎండలో కమిలినట్టు ఎర్రబడింది. గోళ్ళ మీద గీతలు లేచాయి. బొమ్మలు కడిగే మందునీళ్ళ వల్ల అన్నాడు. నేను కొబ్బరినూనెలో పసుపు కలిపి రాశాను. అప్పట్లోనే డాక్టరు ఒక బరువైన ముసుగు వేసుకోవడం మొదలుపెట్టాడట. మెడ నుంచి మోకాళ్ళ దాకా వేలాడే గుడ్డ. పైన ఒక పొర, లోపల సీసం, వెనక మళ్ళీ ఒక పొర. పెట్టెలోంచి వచ్చే వెలుగు గుడ్డలోంచి, మాంసంలోంచి పోతుందట గాని సీసంలోంచి పోలేదట. ఓడలో ఒక్కటే వచ్చింది. ఇంకోటి రావాలంటే ఇంకో ఓడ రావాలి.

"పొరలు పొరలుగా కుట్టీడమే గదా," అన్నాను. "బొంత కుట్టినట్టే. సీసం తే, నాను కుడతాను."

సీసం ఇంటి పక్కనే దొరికింది. చీనా కొట్టులో టీ ఆకు వచ్చే చెక్కపెట్టెలు ఉంటాయి కదా, తేమ తగలకుండా వాటి లోపల అస్తరుగా పలచటి సీసపు రేకు ఉంటుంది. టీ అయిపోయాక ఆ రేకును పారేస్తారు. కొట్టు ఆయన చిరిగిన గోనెలు కొన్ని కుట్టిపెట్టి, నాలుగు పెట్టెల రేకు తెచ్చుకున్నాను. అరుగు మీద పరిచి, సీసాతో దొర్లించి ముడతలు తీశాను. కింద పిండిసంచి గుడ్డ, దాని మీద రేకు, దాని మీద నా పాత చీర రెండు మడతలు, మళ్ళీ రేకు, పైన నీలం దళసరి గుడ్డ. మామూలు బొంతకైతే మధ్యలో వరసలు వరసలుగా కుడతాం. దీనికి అలా కుడితే సూది పోయిన ప్రతిచోటా రేకుకు చిల్లు పడుతుంది, చిల్లులోంచి వెలుగు దూరుతుంది. అందుకని అంచులు మాత్రమే కుట్టాను. రేకు సంచిలో ఉన్నట్టు లోపల ఉండిపోయింది.

అంచులు కూడా మొత్తం కుట్టలేదు. మా అమ్మ బొంత ఎప్పుడు కుట్టినా ఒక మూల బెత్తెడు వదిలేసేది. బతికున్న మనిషికి కుట్టేది నాలుగువైపులా మూయకూడదు అనేది. నేనూ కింద ఎడమ మూల వదిలి, చిన్న ముడితో కట్టాను.

వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. "నిండు సూలాలి నాగున్నాను. మంతరసాని ఏదీ?" అని ముక్కులోంచి నవ్వాడు. సోమవారం ఆసుపత్రికి పట్టుకెళితే డాక్టరు దాన్ని వేలితో తట్టి చూసి, నవ్వి, బాగుందన్నాడట. ఆ మాట తెచ్చి నాకు చెప్పినప్పుడు నేను ఊళ్ళో ఎంతమందికి చెప్పుకున్నానో. డాక్టరు ముసుగూ నా బొంతా ఒకటే అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా రాయి మరిదీ. బొంత లేనప్పుడు ఆయన కాస్త దూరంగా, చేతులు చాచి నిలబడి రోగిని పట్టుకునేవాడు. బొంత వచ్చాక దగ్గరికి వెళ్ళి పట్టుకోవడం మొదలుపెట్టాడు. మరీ ముఖ్యంగా చిన్నపిల్లల్ని. మాకు పిల్లలు నిలవలేదు. చెట్టు మీంచి పడి చేయి విరిగిన పిల్లలు, కాసు మింగిన పిల్లలు వస్తే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గుండెకు ఆనించుకుని, పెట్టె ముందు కూర్చునేవాడు. నా బొంత ధైర్యంతో కూర్చుంటున్నాడని నేను మురిసిపోయాను. తరువాత ఏడాదంతా నన్ను తిన్నది ఈ ముక్కే.

ఇప్పుడు ఉతుకుడు సంగతి. రాయి. నీ పేరు కూడా రాయి, అక్షరం మింగకు.

ఒక ఆదివారం మరిది మా ఇంటికి వచ్చాడు. బొంత దేవుడి దీపం పక్కన మేకుకు వేలాడుతోంది. దాన్ని చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఒదినా, ఇది లోపితల్ గుడ్డ గదా. సచ్చినోళ్ళనీ పుళ్ళోళ్ళనీ ముట్టుకున్న గుడ్డ. దీపం కాడ ఎడతావేటి?"

"రేపు పొద్దున్నే పట్టుకుపోతాడు గదరా."

"పోనీ గాని, వచ్చినప్పుడల్లా వాగులో ఉతికి గాని గుమ్మం దాటనీకు. భజన సేసే ఇల్లు మనది."

ఆసుపత్రిని ఇక్కడ లోపితల్ అంటాం. న్యాయమే అనిపించింది. ఆసుపత్రి నుంచి వచ్చిన ఏ గుడ్డనైనా మేము అలాగే చేస్తాం కదా. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే బొంతను వాగుకు తీసుకువెళ్ళి, నానబెట్టి, బండమీద వేసి బాదాను. బూడిదరంగు నీళ్ళు వచ్చేవి. ఆసుపత్రి మురికి అనుకుని ఇంకా బాదేదాన్ని. మెలిపెట్టి పిండేదాన్ని. కంచె మీద మడతేసి ఆరేసేదాన్ని. వారం వారం బొంత మెత్తబడింది, తేలికైంది. "బాగా సుకంగా ఉంటంది," అన్నాడు మా ఆయన ఒకసారి. ఉతికి ఉతికి మెత్తబడిందని సంబరపడ్డాను.

రెండో కోత మొదలయ్యేసరికి ఎడమ ఉంగరం వేలి మీద పగులు వచ్చింది. మానేది, మళ్ళీ పగిలేది. దురద. ఆ తరువాత మానడం కూడా మానేసింది. పుండు చిన్నదే, పెసరగింజంత. నొప్పి మాత్రం భుజం దాకా. ఆయన పని చేసే ఆసుపత్రిలోనే ఆయన్ను రోగిగా చూపించాల్సి వచ్చింది.

అక్కడి బల్ల నాకు బాగా తెలుసు. వసారాలో గోడ పొడుగునా ఉంటుంది. కూర్చున్నవాళ్ళ ఒరిపిడికి నున్నగా అయిపోయింది. ఒక పక్క కోతకత్తి దిగిన కాళ్ళవాళ్ళు, ఒక పక్క జ్వరంతో వణికేవాళ్ళు. ఫినైలు వాసన. ఎదురుగోడ పెచ్చు ఊడి గొర్రె ఆకారంలో ఉండేది. మొదటిరోజు ఒకటే గొర్రె, మేము తిరగడం అయిపోయేనాటికి దానికి పిల్ల కూడా పుట్టింది.

మొదటిరోజు ఆయన్ను లోపలికి తీసుకువెళ్ళాక గుమాస్తా వచ్చి రోగి పేరు చెప్పమన్నాడు. మొగుడి పేరు ఎలా చెప్పను. నిలబడ్డాను. మళ్ళీ అడిగాడు. వెనక వరుస పెరిగింది, ఎవరో విసుక్కున్నారు. ఆకాశంలోని దేవుణ్ణి చూపించాను, సింహాద్రి కొండలా చేతులు పెట్టాను, ఆయనది ఆ కొండ దేవుడి పేరే కదా అని. గుమాస్తాకు ఏం తెలుస్తుంది. నేల తుడుస్తున్న మారీ అనే ముసలి క్రియోల్ ఆవిడ, ఈ దీవి మనిషే, చీపురు గోడకు ఆనించి వచ్చింది. నా మెడలో తాళి చూసింది, నోటి మీద వేలు పెట్టుకుని నన్ను అడిగింది, అవునా అన్నట్టు. తల ఊపాను. ఆవిడే గుమాస్తాకు పేరు చెప్పింది. ఆసుపత్రిలో అందరికీ ఆయన తెలుసు కదా. "పా పెర్, మో సెర్," అంది నాతో. భయపడకు చెల్లీ అని. తన రొట్టెలో సగం తుంచి ఇచ్చింది. నేను బయటివాళ్ళు ముట్టుకున్నది తినేదాన్ని కాదు. ఆరోజు తిన్నాను. మరిదీ, నీకు ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. రాసి పడెయ్.

ఆ వేలు తీసేశారు. ఉంగరాన్ని కత్తిరించి, మారీ చేత నాకు పంపారు. చలికాలం పోయేలోగా పక్క వేలు కూడా తీసేశారు.

ఇంట్లో గొడవలు ఆ రోజుల్లోనే. బతికుండగా ఎముకలు చూసుకోవడం పాపమని, అమ్మోరు కోపగించిందని, మొక్కు తీర్చాలని మరిది అనేవాడు. అన్నదమ్ములు నెలరోజులు మాట్లాడుకోలేదు. నేను పని మానెయ్యమని పోరాను.

"మానీసి ఏటి సెయ్యను?" అన్నాడు మా ఆయన. మూడు వేళ్ళ చెయ్యి ఎత్తి చూపించాడు. "దీంతో సెరకు నరకనా? ఎడ్లు పగ్గం ఇస్తాయా?"

"ఇంట్లో కూకో. నాను సేస్తాను కూలి."

"నాను మానీస్తే ఇంకోణ్ణి ఎడతారు. ఆడికి పిల్లల్ని పట్టుకోడం రాదు."

"ఎవుడి పిల్లలో నీకెందుకు?"

ఆ మాట అన్నాక నాకే నోరు చేదైంది. ఆయన సోమవారం బొంత చంకన పెట్టుకుని బండెక్కాడు.

తరువాతి తుఫాను నెలల్లో చంకలో గడ్డ తేలింది. డాక్టరు తడిమి చూసి, ఇంటికి వెళ్ళి పడుకో అన్నాడు. ఇంటికి వెళ్ళమంటే బాగవుతుందని కాదని నాకు ఆ గదిలోనే అర్థమైంది. డాక్టరు మా ఆయనకేసి చూడకుండా చేతులు కడుక్కుంటున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

ఇంటికి వచ్చాక నాలుగు నెలలు. వాటి గురించి ఎక్కువ చెప్పను. అలాంటి నెలలు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకు చెప్పకూడదు. బొంత కప్పుకునే పడుకునేవాడు. బరువు లేదు కదా, బాగుండేది. పుండు మరకలు అంటేవి. అలవాటు కొద్దీ ఆదివారం ఉతికేదాన్ని. ఆఖరి ఆదివారం కూడా ఉతికాను.

పదో రోజు అయ్యాక ఆయన పనిబట్టలు, పేరున్న బిళ్ళ తిరిగి ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్ళాను. బొంత కూడా తీసుకువెళ్ళాను. తరువాత వచ్చేవాడికి పనికొస్తుంది కదా అని. డాక్టరు దాన్ని తట్టి చూశాడు. ఈసారి నవ్వలేదు. మూల ముడి విప్పి, తిరగేసి దులిపాడు. బల్లమీద బూడిదరంగు తునకలు కుప్పగా రాలాయి, ఎండిన పెయింటు పెచ్చుల్లా. ఆ తరువాత పొడి. ఆ తరువాత ఏమీ లేదు. బొంతను కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే నా పాత చీర అంచు లోపలినుంచి కనిపించింది.

ఏం చేశావమ్మా దీన్ని అని మారీ చేత అడిగించాడు. ఉతికాను అన్నాను.

డాక్టరు మంచివాడే. మారీ నన్ను కూర్చోబెట్టి ఆయన మాటలు నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. కాలింది చెయ్యి, పొట్ట కాదు. పొద్దున్నే చేయి అడ్డంపెట్టి చూసుకున్నాడే, అదే ఆయన్ను తిన్నది. చేతికి బొంత లేదు. బొంత బాగున్నా అదే జరిగేది. డాక్టరు కూడా మొదట్లో అలాగే చూసుకునేవాడట, తన వేళ్ళు చాపి చూపించాడు. వాటి మీదా వెంట్రుకలు లేవు.

ఆ మాట పట్టుకుని కొందరు బతికేవారేమో. నాకు చాలలేదు. చేయి సంగతి సరే. మరి గుండెకు ఆనించుకుని కూర్చున్నది? నా బొంత ఉందని కదా అంత దగ్గరికి వెళ్ళాడు. దాన్ని నేనే బండమీద బాది ఖాళీ చేసి, మళ్ళీ నేనే సోమవారం తొడిగి పంపాను. సీసం లేని సంచిని నమ్మించి మనిషిని నిప్పు ముందు కూర్చోబెట్టాను. ఆఖరికి బొంతేదీ అని అడిగితే, ఉతికాను అని చెప్పాను. ఆయన చేసిన ఆ చప్పుడు నన్ను తిట్టడమేనని, ఎలాగో చివర్లో తెలిసిపోయి ఉంటుందని, అలా అనుకుని నెలల తరబడి సూది పట్టుకోలేదు. వాగుకు వెళ్ళలేదు. నీతో కూడా మాట్లాడలేదు మరిదీ, ఉతకమన్నది నువ్వే కదా అని.

ఇంతవరకు చెప్పి, అందుకే నరసమ్మకు బొంత కుట్టనని రాయి అన్నాను.

మరిది రాయలేదు. కలం కాగితం మీద పెట్టి అలాగే ఉంచాడు. సిరా మచ్చ పడింది, ఈ కాగితం మీద కింద కనిపించేది అదే.

"ఒదినా. అన్నకి తెలుసు."

"ఏటి తెలుసు?"

"లోపల ఏటీ నేదని. ఉతకడం మొదలెట్టిన మూడో నెల్లోనే తెలుసు. నా కాడికొచ్చి ఆ మూల ముడిప్పి సూపించినాడు. బూడిద నాగున్నాది."

సిరా మచ్చను కొంగుతో అద్దాను.

"నాకు బయమేసింది. ఉతకమన్నోణ్ణి నానే గదా. కొత్తది కుట్టమని ఒదినకి సెప్పు అన్నాను. 'కుడితే మళ్ళీ ఉతుకుద్ది, నువ్వు మడి ఎట్టినావు గదా,' అని నవ్వినాడు. 'మీ ఒదినకి సెప్పకు. ఇది ఏసుకుని ఎల్తేనే ఆవిడ కంటికి నిద్ర. ఉతకనీ,' అన్నాడు."

"మరి అంత దగ్గిరికి ఎందుకెల్లాడు? ఏటీ నేదని తెలిసీ?"

"నానూ అడిగినాను. 'దూరంగా నిలబడితే పిల్లలు కదిలిపోతారు. కదిలితే బొమ్మ మసకైపోద్ది, మళ్ళీ తియ్యాల. ఒక పిల్లకి రెండుసార్లు ఆ ఎలుగు ఎందుకు,' అన్నాడు."

"ఏడాదైంది. ఇప్పుడా సెప్పడం?"

"నాను ఎట్టిన మడి ఒదినా. ఉతకొద్దని ఒక్క మాట అంటే సరిపోయీది. నోరు రాలేదు. అన్న బతికుండగా రాలేదు, పోయినాక మరీ రాలేదు."

మరిదికి నలభై దాటాయి. ఊరంతా కాళ్ళకు దండం పెడతారు. అలాంటివాడు అరుగు మీద కూర్చుని, ముక్కు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. నాకు తిట్టాలనిపించింది, తిట్టడానికి గొంతు కూడా సిద్ధమైంది. కాని నా మనసు అప్పటికే వేరేచోట ఉంది. ఆ మంచం దగ్గర ఉంది. బొంతేదీ అంటే ఉతికీసి ఆరేసినాను అన్నానా. ముక్కులోంచి చప్పుడు చేశాడా. ఆ చప్పుడు నాకు తెలుసు. మంత్రసాని ఏదీ అన్నరోజు కూడా అదే చప్పుడు చేశాడు. ముప్పై నాలుగేళ్ళు విన్నదాన్ని, ఒక్కరోజు పోల్చుకోలేకపోయాను.

నవ్వాడు.

"ఇది కూడా రాయి," అన్నాను మరిదితో. "నువ్వన్నది, నానన్నది, అంతా. నీ మడి సంగతి తియ్యకు. నా రొట్టె సంగతి కూడా తియ్యకు."

నరసమ్మా, ఇక్కడినుంచి నీకు. బొంత కుడతాను. నీ మొగుణ్ణి అన్ని దేవుళ్ళూ కాపాడతారని చెప్పలేను, బొంత కాపాడుతుందని కూడా చెప్పలేను. నాకు తెలిసినంత చెబుతాను. దాన్ని ఉతకకు. ఎవరు చెప్పినా ఉతకకు. మా మరిది వచ్చి చెప్పినా ఉతకకు. మడతపెట్టకు, మెలిపెట్టకు. వెడల్పాటి కర్రమీద వేలాడదీయి. మురికి అంటితే పైన తడిగుడ్డతో తుడువు. మైల అనిపిస్తే ఇంట్లోకి తేవద్దను, ఆసుపత్రిలోనే ఉంచమను. ఈసారి చేతులకు కూడా కుడతాను, మోచేతి దాకా సంచుల్లాగా. వాటితో పట్టుకోవడం కష్టమంటాడు. అననీ. పొద్దున్నే తన చేయి అడ్డంపెట్టి పెట్టె చూడొద్దని చెప్పు. కోడి ఎముకో, చేప ముల్లో ఒకటి పట్టుకెళ్ళమను, అదీ కనిపిస్తుంది కదా. చేతి మీద వెంట్రుకలు రాలితే నూనె రాస్తూ కూర్చోకు. ఆరోజే నా దగ్గరికి రా, కలిసి డాక్టరు దగ్గరికి వెళదాం. ఆ బల్లమీద ఎక్కడ కూర్చుంటే గాలి తగులుతుందో నాకు తెలుసు.

ఒక మూల కుట్టకుండా వదులుతాను. మా అమ్మ ఎందుకు వదిలిందో వేరే సంగతి. ఇది నువ్వు చూడటానికి. వారానికి ఒకసారి ముడి విప్పి, చేయి పెట్టి, రేకు నిండుగా ఉందో లేదో నువ్వే చూసుకో. నీ మొగుడు విప్పేలోగా నువ్వు విప్పు. ఆయన చూసి నీకు చెప్పడు. మనకు మంచి నిద్ర పట్టాలని నోరు మూసుకుంటారు వీళ్ళు. నేను ముడి వేశానే గాని ఒక్కసారైనా విప్పి చూడలేదు.

బొంతేదీ అని ఎందుకు అడిగాడో మాత్రం నాకు తెలియదు. చలి వేసిందేమో. ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పబోయాడేమో. నేను ఇచ్చిన జవాబుకు నవ్వొచ్చి, చెప్పబోయింది మరిచిపోయాడేమో. అది తెలియకపోయినా నేను బతకగలను.

పొద్దు వాలుతోంది. మరిది వేళ్ళకు సిరా అంటింది. ఇంక రాయడానికి ఏమీ లేదు.

"ముక్కు తుడుసుకో ముందు. తుడుసుకున్నావా? ఇప్పుడు మొదట్నుంచి సదువు. మెల్లగా సదువు, ఏదీ ఒగ్గీకు. ఆయన బొంతేదీ అంటాడు సూడు, అక్కడ కాసేపు ఆగు. ఆగి, అప్పుడు నా మాట సదువు."